అప్పకో ఉత్తరం: బ్యాగ్ చుట్టూ పుండు

పోయిన సంచికలో పొట్టమీద స్టోమా ఉన్నవాళ్ల గురించి నాలుగు ముక్కలు రాసానో లేదో, ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు కొత్తవలస దాకా ఉత్తరాలే ఉత్తరాలు, వాట్సాప్‌లు వేరే. అందరిదీ ఒకటే గోల, బ్యాగ్ చుట్టూ పుండు. కొందరు ఫొటోలు కూడా పెట్టారు, సరిగ్గా నేను అన్నం తింటూ ఫోన్ తెరిచాను, పర్లేదు లెండి, ముప్పయ్యేళ్లు సర్జికల్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, చేతిలో ముద్ద ఆగలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. పేగుకి జబ్బు చేసి ఆపరేషన్ చేసినప్పుడు ఒక్కోసారి పేగు కొసని పొట్టమీదికి తెచ్చి కుట్టేస్తారు, మోషన్ అక్కడినుంచే బ్యాగ్‌లోకి పోతుంది, ఆ ఎర్రటి నోరే స్టోమా. చిన్నపేగుదైతే ఇలియోస్టమీ, పెద్దపేగుదైతే కొలోస్టమీ. బ్యాగ్‌ని పొట్టకి పట్టి ఉంచే అంటుకునే బిళ్లని మన వార్డుల్లో ప్లేట్ అంటాం, ఇక్కడా అదే రాస్తాను. పేర్లు వెయ్యొద్దని అందరూ అడిగారు, వెయ్యట్లేదు.

నరసన్నపేట నుంచి ఒక అక్క

"అప్పా, మా తమ్ముడికి 34 ఏళ్లు. అల్సరేటివ్ కొలైటిస్ ముదిరిపోయిందని 8 నెలల కిందట విశాఖలో పెద్దపేగు తీసీసి బ్యాగ్ పెట్టినారు. బాగానే ఉన్నాడు, షాపుకి కూడా ఎల్తున్నాడు. నెల కిందట స్టోమా పక్కన సెగ్గెడ్డలాగ చిన్న పొక్కు లేచింది, రెండ్రోజులకి పగిలింది, పది రోజులకి రూపాయి బిళ్లంత పుండయ్యింది. అంచు వంకాయ రంగులో ఉంది. దగ్గర్లో చూపిస్తే చీము పట్టిందని లోపల గీకి క్లీన్ చేసారు, వారానికి ఇంకా పెద్దదయ్యింది, మళ్లీ గీకారు. యాంటీబయాటిక్స్ మూడు వారాలు వాడాం, కల్చర్‌కి పంపితే ఏమీ పెరగలేదని రాసారు. బ్యాగ్ మార్చినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడప్పా, చూడలేకపోతున్నాం. మేం శుభ్రంగా ఉంచట్లేదని మా అత్త అంటంది. ఏటి చెయ్యమంటారు?"

ముందు మీ అత్తగారికి చెప్పమ్మా, ఇది శుభ్రం లేక వచ్చింది కాదని. నీ ఉత్తరంలో మూడు చోట్ల నా వేలు ఆగిపోయింది. పుండు సైజుకి మించిన నొప్పి, గీకిన ప్రతిసారీ పెరగడం, కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ రాకపోవడం. దానికి తోడు అంచు వంకాయ రంగు, పేగు జబ్బు కొలైటిస్. ఇవన్నీ ఒకచోట చేరితే డాక్టర్ల మనసులో మెదలాల్సిన పేరు పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. నేను నర్సుని, ఉత్తరం చూసి రోగం ఖాయం చెయ్యలేను, చెయ్యకూడదు, కానీ ఈ పేరు ఒక కాగితం మీద రాసుకుని చర్మం డాక్టరు దగ్గరికీ, మీ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లి "సార్, ఇది అదేమో చూడండి" అని అడగడంలో తప్పు లేదు.

ఆ పేరులో రెండు అబద్ధాలున్నాయి. పయోడెర్మా అంటే చీముపట్టిన చర్మం, గ్యాంగ్రినోసమ్ అంటే కుళ్లినది అని. 1930లో అమెరికాలో మాయో క్లినిక్ డాక్టర్లు ఈ పేరు పెట్టినప్పుడు ఇదేదో సూక్ష్మజీవుల పనే అనుకున్నారు. తర్వాత తేలిందేంటంటే ఇది ఇన్ఫెక్షనూ కాదు, గ్యాంగ్రీనూ కాదు, మనల్ని కాపాడాల్సిన తెల్లరక్తకణాలే దారి తప్పి మన చర్మాన్నే తినేస్తాయి. కావలికి పెట్టుకున్న కుక్క ఇంట్లోవాళ్లనే కరిచినట్టు. క్రోన్స్ (అదీ కొలైటిస్‌లాగే పేగు వాచి పుళ్లుపడే జబ్బు), కొలైటిస్ ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం, సరిగ్గా స్టోమా చుట్టూ వచ్చే రకం గురించి డాక్టర్లు 1984లో మొదటిసారి రాసారు. పేగు తీసేసాక, లోపల జబ్బు సద్దుమణిగాక కూడా ఇది రావచ్చు, అందుకే "పేగే లేదు కదా, ఇంకెక్కడి జబ్బు" అని కొట్టిపారెయ్యకండి.

దీనికి ఒక పాడు గుణం ఉంది. దెబ్బ తగిలిన చోట రేగుతుంది. పాథెర్జీ అంటారు. ప్లేట్‌ని ఫట్‌మని లాగడం, ప్లేట్ అంచు రోజంతా ఒకేచోట ఒత్తడం, కారిన మోషన్‌కి చర్మం కాలడం, ఇవన్నీ దానికి దెబ్బలే, ఇక కత్తిపెట్టి గీకడం అంటే చెప్పక్కర్లేదు. మామూలు చీముపుండుని గీకి శుభ్రం చేస్తే మానుతుంది కాబట్టి అక్కడి డాక్టరు గారు ఆ లెక్కలోనే చేసుంటారు, ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పుండునే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి గాజుగుడ్డ పెట్టి గట్టిగా తోమాను, పాపం ఆవిడ మంచం పట్టె గీరుకుపోయేలా పట్టుకునుండేది, పది రోజులు రోజూ తోమాను. పుండు అరచెయ్యంత అయ్యాక ఒక పెద్ద డాక్టరు చూసి "ఎవరమ్మా దీన్ని తోముతున్నది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

దీన్ని ఇదీ అని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. మిగతావి కావు కావు అని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ రావాలి, టీబీ కాదు, కాన్సర్ కాదు, ఫంగస్ కాదు, ప్లేట్ ఒత్తిడి కాదు అని. దానికోసం పుండు అంచునుంచి చిన్న ముక్క తీస్తామని అడగొచ్చు. గీకితే పెరుగుతుందని అప్ప రాసిందని బయాప్సీకి అడ్డం పడకండి, అది చిటికెడు ముక్క, దాన్ని పరీక్షకి పంపడం వేరు, పుండంతా తోడేయడం వేరు. మన దేశంలో పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది, అది తేలకుండా స్టెరాయిడ్ ఇస్తే లోపల టీబీ పేట్రేగిపోతుంది.

వైద్యం సంగతి. చిన్న పుండైతే పైపూత మందుతో మొదలెడతారు, గట్టి స్టెరాయిడ్ గానీ టాక్రోలిమస్ గానీ, లేదా అంచుల్లోకి ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్. పైపూతతో ఒక చిక్కుంది, జిడ్డు ఉంటే ప్లేట్ అంటుకోదు, అందుకని రాసి కాసేపు ఉంచి మిగిలిన జిడ్డు మెత్తగా అద్ది తీసేసి అప్పుడు ప్లేట్ వెయ్యాలి, ఎంతసేపు ఉంచాలో రాసిచ్చిన డాక్టర్నే అడగండి. పుండు పెద్దదైనా, పరుగు మీదున్నా మాత్రల్లో ప్రెడ్నిసలోన్ గానీ సైక్లోస్పోరిన్ గానీ ఇస్తారు. ఈ రెంటినీ బ్రిటన్‌లో 121 మంది పయోడెర్మా రోగుల మీద పోల్చి చూసి 2015లో ప్రచురించారు, రెండూ సమానంగానే పనిచేసాయి, కానీ ఆరు నెలలకి పూర్తిగా మానింది రెండు వైపులా 47 శాతానికే. ఇది నిన్ను భయపెట్టడానికి రాయట్లేదమ్మా, రెండు వారాలకి మానలేదని మందు ఆపేసి ఇంకో ఊరు, ఇంకో డాక్టరు అని తిరగొద్దని రాస్తున్నాను. మానడం కంటే ముందు నొప్పి తగ్గుతుంది, అంచు రంగు మారుతుంది, పెరగడం ఆగుతుంది, వాటిని చూసుకోండి. వీటికీ లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లున్నాయి, ఖరీదే, ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. స్టెరాయిడ్ వాడుతున్నన్నాళ్లూ షుగర్ చూపించుకోండి, తగ్గింది కదా అని మధ్యలో టక్కున మానెయ్యకండి, మెల్లిగా దించుకుంటూ రావాలి.

ఇంక బ్యాగ్ మార్చే ఆ అరగంట. మీ తమ్ముడికి నరకం అదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్ర ముప్పావుగంట ముందు వెయ్యండి, బ్యాగ్ తీసాక కాదు. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చండి, అప్పుడు స్టోమా కాస్త నెమ్మదిగా ఉంటుంది. కావలసినవన్నీ ముందే మంచం మీద పరుచుకోండి, కొత్త ప్లేట్ కత్తిరించి రెడీగా ఉండాలి, పుండు తెరిచి పెట్టి కత్తెర ఎక్కడుందే అని వెతక్కూడదు. ప్లేట్‌ని లాగొద్దు. పైఅంచు దగ్గర తడిగుడ్డ ఆనించి, ఎడంచేత్తో చర్మాన్ని కిందికి నొక్కి పట్టుకుని, ప్లేట్ నుంచి చర్మాన్ని విడదీస్తున్నట్టు పైనుంచి కిందికి రండి. దీనికి రిమూవర్ స్ప్రేలు దొరుకుతాయి, స్పిరిట్ లేనిది అడగండి. ప్లేట్ ఊడాక పుండు మీద లిగ్నోకెయిన్, అంటే మొద్దుబార్చే మందు, తడిపిన గాజుగుడ్డ కాసేపు ఉంచితే కడిగేటప్పుడు ఓర్చుకుంటారు, అదీ డాక్టర్ని అడిగే. కడగడానికి సెలైన్ చాలు. తోమొద్దు, పొయ్యండి, అద్దండి, అంతే.

పుండు లోతుగా ఉండి రసి కారుతుంటే ఆల్జినేట్ అని దూదిలాంటి డ్రెస్సింగ్ ఉంటుంది, అది రసిని పీల్చుకుని జెల్లీలా అవుతుంది, దాన్ని గుంటలో వదులుగా పరిచి, కూరొద్దు, పరిచి, దానిపైన పల్చటి హైడ్రోకొలాయిడ్ షీటు అంటించి, ఆ షీటు మీద ప్లేట్ వెయ్యాలి. అప్పుడు ప్లేట్‌కి అంటుకోడానికి పొడి నేల దొరుకుతుంది, మోషన్ పుండులోకి పోదు. రసి ఎక్కువున్న మొదటి రోజుల్లో రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ మార్చాల్సి రావచ్చు, రసి తగ్గేకొద్దీ గడువు పెంచుకోవచ్చు. గట్టిగా ఒత్తే కుంభాకారపు ప్లేట్, నడుం బెల్టు వాడుతుంటే అవి మార్చాలేమో అడగండి.

స్టోమా మూసేసే వీలున్నవాళ్లకి మూసాక ఈ పుండు చాలామట్టుకు మానిపోతుంది. కానీ స్టోమాని తీసి పొట్టకి రెండో పక్కన పెట్టించేస్తే పోతుందిలే అనుకుంటే మాత్రం అక్కడా వచ్చే ప్రమాదం ఉంది. ఇంకొకటి, రేపటినుంచి రోజు విడిచి రోజు పుండు పక్కన పిల్లల స్కూలు స్కేలు పెట్టి ఫొటో తియ్యి. "పెరిగింది సార్" అంటే డాక్టరు వింటారో లేదో గానీ స్కేలు మీద 2 సెంటీమీటర్లు 3 అయితే ఎవరైనా చూస్తారు.

చీపురుపల్లి నుంచి ఒక కొడుకు

"మా నాన్నకి 62. ఇలియోస్టమీ అయ్యి మూడు నెలలు. స్టోమా చుట్టూ పచ్చిపుండైపోయింది, ఎర్రగా రసి కారుతోంది, మంట. బ్యాగ్ పూటకోసారి ఊడుతోంది. పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. ఇది కూడా పెద్ద జబ్బేనా?"

కాదు నాన్నా, వందమందిలో ఎక్కువమందికి ఉండేది మీ నాన్నగారిదే, పైన రాసింది అరుదు. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్లలా ఉంటుంది, అందులో తిన్నదాన్ని అరిగించే రసాలు ఇంకా పనిలోనే ఉంటాయి, వాటికి అన్నమో చర్మమో తేడా తెలీదు, చర్మం మీద పడితే చర్మాన్నే అరిగిస్తాయి. కాబట్టి మందు వెతకడం మానేసి లీకు వెతుకు.

నేను పందెం కాస్తాను, ప్లేట్‌కి మీరు ఆసుపత్రిలో చెప్పిన కొలతకే ఇప్పటికీ కన్నం కోస్తున్నారు. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది, తర్వాత ఆరు ఎనిమిది వారాల్లో తగ్గిపోతుంది, మీరేమో పాత కొలతకే కోస్తుంటే చుట్టూ వేలు వెడల్పు చర్మం బోసిగా ఉండిపోతుంది, మోషన్ అంతా దానిమీదే. పెళ్లికార్డో అగరొత్తుల డబ్బా అట్టో తీసుకుని కన్నం కోసి స్టోమా మీద పెట్టి చూడు, చుట్టూ 2, 3 మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉండాలి, ఆ అట్టని అచ్చుగా దాచుకుని దాని ప్రకారం ప్లేట్ కొయ్యి. స్టోమా గుండ్రంగా లేకపోతే కన్నమూ గుండ్రంగా ఉండక్కర్లేదు. కోసాక లోపలి అంచు వేలితో తడిమి నునుపు చెయ్యి.

తర్వాత నాన్నగారిని పడుకోబెట్టి కాదు, కూర్చోబెట్టి చూడు. పడుకుంటే సాపుగా ఉండే పొట్ట కూర్చుంటే మడత పడుతుంది, మోషన్ ఆ మడత వెంబడే కాలవలా పారుతుంది. ఆ గుంటని పేస్టుతో గానీ మెత్తటి రింగుతో గానీ పూడ్చాలి. పేస్టు గమ్ము కాదు, గోడ సందులో పుట్టీలాంటిది, ప్లేటంతా పూస్తే ఇంకా తొందరగా ఊడుతుంది, కొన్ని పేస్టుల్లో స్పిరిట్ ఉంటుంది, పచ్చిచర్మం మీద భగ్గుమంటుంది. స్టోమా చర్మం లోపలికి పోయి ఉంటే పైన మార్చాలేమో అడగమన్న ఆ కుంభాకారపు ప్లేటే మీకు కావల్సిరావచ్చు, చూడండి, ఒకరికి పడనిదే ఇంకొకరికి మందు, అందుకే నర్సుకో సర్జన్‌కో చూపించి తీసుకోమంటాను.

పసుపూ కొబ్బరినూనే ఈరోజే ఆపెయ్. జిడ్డు మీద ప్లేట్ నిలవదు, పసుపు రంగు కింద చర్మం ఎరుపు తెలీదు. డెట్టాల్, స్పిరిట్, అయోడిన్ కూడా వద్దు. మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ, పూర్తిగా ఆరనివ్వడం. మన మే నెల ఉక్కకి ఆరదు కాబట్టి ఫ్యాన్ కింద రెండు నిమిషాలు విసురు. ప్లేట్ అంటించాక అరచెయ్యి ఆనించి నిమిషం రెండు నిమిషాలు ఉంచితే ఒంటి వేడికి బాగా పడుతుంది. బ్యాగ్ మూడోవంతు నిండగానే ఒంపెయ్యాలి, బరువుకే సగం ప్లేట్లు ఊడతాయి. లీకవుతున్న ప్లేట్ మీద టేపు వేసి రేపు చూద్దాం అనుకోవడం మన ఇళ్లల్లో మామూలు, ప్లేట్ ఖరీదు చూస్తే నాకూ అర్థమౌతుంది, కానీ లీకైన ప్లేట్‌ని ఉంచిన ప్రతి గంటా చర్మం కాలుతూనే ఉంటుంది, దానికయ్యే ఖర్చు ఇంకా ఎక్కువ. లీకు ఆగితే వారం పది రోజుల్లో చర్మం మొహం మారిపోతుంది. మారకపోతే మాత్రం డాక్టరుకి చూపించు.

ఆమదాలవలస నుంచి, కొంచెం కోపంగా

"పోయినసారి మీరు స్టోమా పౌడర్ వెయ్యమన్నారు. వేసాం. ప్లేట్ గంటలో ఊడి కాంప్లెక్స్‌లో బస్సు దిగుతుంటే పరువు పోయింది. రాసేముందు ఆలోచించాలి."

తప్పు నాదే, సగమే రాసాను. పౌడర్ తడి ఉన్న పచ్చిచోటే పట్టుకోవాలి, మిగతాది మెత్తటి గుడ్డతో దులిపెయ్యాలి, దులపకుండా ప్లేట్ వేస్తే ముగ్గు మీద స్టిక్కర్ అంటించినట్టే. దులిపాక స్పిరిట్ లేని బ్యారియర్ స్ప్రే గానీ వైప్ గానీ మీద కొట్టి ఆరనివ్వండి, మళ్లీ పౌడర్, మళ్లీ దులపడం, మళ్లీ స్ప్రే, అలా రెండు మూడు పొరలు. పచ్చిపుండు మీద పల్చటి పెచ్చు కట్టినట్టవుతుంది, అప్పుడు ప్లేట్. చర్మం బాగుపడ్డాక పౌడర్ మానెయ్యాలి, అది రోజూ రాసుకునే టాల్కం కాదు. ఇంకో మాట, బయటికెళ్లేటప్పుడు సంచిలో కోసి ఉంచిన ప్లేటు, బ్యాగు, తడిగుడ్డ, ఒక పాలిథిన్ కవరు, జత బట్టలు పెట్టుకోండి. ఇది పోయినసారే రాయాల్సింది.

బొబ్బిలి నుంచి ఒక అమ్మ

"స్టోమాకి ఎడంపక్కన ఒకేచోట సన్నగా గీత గీసినట్టు పుండు పడుతోంది, మానుతుంది, మళ్లీ పడుతుంది. ప్లేట్ ఎక్కడా లీకవ్వట్లేదు."

అమ్మా, లంగా బొందు ఎక్కడ కడుతున్నావ్? నిన్ను చూడకుండానే అడుగుతున్నాను, ఎందుకంటే ఇది మన చీరకట్టు వాళ్ల పుండు, అద్దం ముందు నిలబడి చీర విప్పి చూసుకో, బొందు పడే గీతా పుండు గీతా ఒకటే అయ్యుంటాయి. బొందు ప్లేట్ అంచుని రోజంతా చర్మంలోకి నొక్కుతుంది, పనిచేస్తూ వంగిన ప్రతిసారీ ఒరుస్తుంది. బొందు బదులు వెడల్పు ఎలాస్టిక్ కుట్టించుకో, లేదా స్టోమాకి బాగా పైకి కట్టుకో, పుండు మానేదాకా ఇంట్లో నైటీ వేసుకో, ఎవరూ ఏమీ అనరు. మగవాళ్లకి మొలతాడూ బెల్టూ ఇదే పని చేస్తాయి. బెల్టున్న బ్యాగ్ వాడుతుంటే బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఒత్తిడి తీసేసినా మూడు వారాల్లో మానకపోయినా, అంచు ఊదాగా మారినా, నొప్పి విపరీతంగా ఉన్నా నరసన్నపేట వాళ్లకి రాసింది చదువు.

కవిటి నుంచి

"ఇలియోస్టమీ అయ్యి ఏడాది. స్టోమా దగ్గర పుండు నొప్పికి మందుల షాపులో ఇచ్చిన మాత్రలు రోజుకి మూడు వేస్తున్నాను, నెలైంది. నీళ్లు ఎంత తాగినా బ్యాగ్‌లోకే పోతున్నాయి, ఉచ్చ చాలా తక్కువ వస్తోంది."

ఈ ఉత్తరం చదివాక నాకు నిద్రపట్టలేదు. మీది ఉద్దానం. కిడ్నీల మాట మీకు నేను చెప్పక్కర్లేదు. మాత్ర పేరు రాయలేదు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతిదైతే ఈరోజే ఆపి, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్లి క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి, క్రోన్స్, కొలైటిస్ ఉన్నవాళ్లకి పేగునీ రేపుతాయి. కళ్లు తిరిగినా, ఉచ్చ ఆగిపోయినా రేపటిదాకా కూడా ఆగొద్దు, ఈ రాత్రికే బయల్దేరండి. నొప్పికి పారాసెటమాల్ కొంత నయం, అదీ డాక్టరు చెప్పిన లెక్కకి మించకుండా.

నీళ్లు తాగేకొద్దీ బ్యాగ్‌లోకి పోవడం మీ భ్రమ కాదు. ఉప్పు లేని ఉత్తనీళ్లు చిన్నపేగులోకి వెళ్తే పేగు తన ఉప్పుని ఆ నీళ్లలోకి వదిలేస్తుంది, ఉప్పుతో పాటు ఇంకా నీరు పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగాలి, ఉప్పేసిన గంజి, ఉప్పేసిన చోడి అంబలి మంచివే, కొబ్బరిబొండాలు మాత్రం ఊళ్లో చెట్టు నిండా ఉన్నాయి కదా అని వాటిమీదే ఉండకండి, వాటిలో సోడియం తక్కువ, కిడ్నీ బాగోకపోతే పొటాషియం ఎక్కువ. ఒక పాత కొలత చెంబు పెట్టుకుని రోజంతా బ్యాగ్‌లోంచి ఒంపింది కొలవండి. లీటరున్నర దాటుతుంటే అది డాక్టరుకి చెప్పాల్సిన అంకె. బ్యాగ్ అంత నీళ్లగా ఉన్నంతకాలం పుండు కూడా మానదు, రెండూ ఒకే ముడి. బియ్యం, అరటిపండు, సగ్గుబియ్యం కాస్త చిక్కబరుస్తాయి. జీడిపప్పు, పనసతొనలు మాత్రం కాస్త ఆగి, పిప్పి అయ్యేదాకా నమిలి, కొంచెం కొంచెమే, స్టోమా దగ్గర అడ్డం పడితే అదో కొత్త తలనొప్పి.

విజయనగరం నుంచి రెండు ప్రశ్నలు

"ఎర్రటి దద్దురు, చుట్టూ చిన్నచిన్న చుక్కలు, నొప్పికంటే దురద ఎక్కువ. పిల్లలకి అంటుకుంటుందా, వేరే పడుకోమంటోంది మా ఆవిడ. ఇంకోటి, సిరిమాను చూడ్డానికి వెళ్లొచ్చా?"

చెమటకి ప్లేట్ కింద ఫంగస్ పట్టినట్టుంది, చుట్టూ చుక్కలూ దురదా దాని గుర్తులే. చూపించుకుంటే యాంటీఫంగల్ పౌడర్ ఇస్తారు, ఆయింట్‌మెంట్ అడక్కండి, ప్లేట్ నిలవదు. షుగర్ ఒకసారి చూపించుకోండి. ఎరుపు అచ్చంగా ప్లేట్ ఆకారంలోనే గిరిగీసినట్టుంటే మాత్రం అది ఆ కంపెనీ గమ్ము పడకపోవడం, వేరే కంపెనీది మార్చి చూడాలి. పక్కన పడుకుంటే పిల్లలకి అంటుకునేది కాదు, పైన నరసన్నపేట తమ్ముడి పుండు కూడా అంటుకునేది కాదు, మీ ఆవిడకి ఈ పేజీ చూపించండి.

సిరిమానుకి వెళ్లండి. దసరా వెళ్లిన మంగళవారం ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి ఇంట్లోంచి బయల్దేరేముందే బ్యాగ్ ఒంపేసుకోండి, కోట దగ్గర తొక్కిసలాటలో దూరకుండా తెలిసినవాళ్ల మేడ ఏదైనా చూసుకోండి, మోచెయ్యి తగిలితే అక్కడే తగుల్తుంది. బాత్రూమున్న మేడైతే మరీ మంచిది.